పది చీరలు, ఒక్క పంచె లేదు

హేమసుందరి ఇంటి వంతు వచ్చేసరికి బీరువాలో ఇవ్వదగ్గ చీర ఒక్కటే కనిపించింది. ఆడపడుచు గృహప్రవేశంలో పెట్టిన ఆకుపచ్చ చీర. అంత పచ్చదనం ఏ ఆకుకీ ఉండదు. దాని మీద నారింజరంగు నెమళ్ళు. నాలుగేళ్ళుగా మడత విప్పలేదు. చచ్చిన తిమింగలానికి రంగులతో పేచీ ఉండదని ధైర్యం చేసి, దాన్నే చంకలో పెట్టుకుని ఒడ్డుకు బయల్దేరింది.

నూకాలపాలెంలో అదొక కట్టు. తిమింగలం చచ్చి ఒడ్డుకొస్తే, పాతిపెట్టేముందు ఒంటిమీద బట్ట కప్పి, పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టాలి. ఆడదైతే చీర, మగదైతే పంచె. ఇళ్ళ వరసన ఒక్కో ఇంటికి ఒక్కో వంతు. ఆడో మగో తేల్చే పని ముసలమ్మలది. కింది దవడ కొసన రెండు పళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటే మగది, లేకపోతే ఆడది. బాతుమూతి లాంటి మూతి ఉన్న ఈ ముక్కు తిమింగలాలు ఇంచుమించు ఆరు గజాలుంటాయి. చీర నేసినవాడు వీటి కొలత తీసుకునే నేశాడా అన్నట్టు సరిపోతుంది.

"మళ్ళీ చీరేనే," అంది హేమ తల్లి కాసులమ్మ, తిమింగలం మూతి మూసి చెయ్యి ఇసకలో తుడుచుకుంటూ. "ఏడాదిలో ఇది పదో చీర. ఒక్క పంచె లేదు. సముద్రంలో మగోళ్ళకి సావు రాదేటే?"

"వాళ్ళు ఇంట్లో పడుకునుంటారు," అంది హేమ.

"నవ్వులాట కాదే గుంటా. నా సిన్నతనంలో రెండేళ్ళకోటి వొచ్చీది. అప్పుడు సీరలూ వొచ్చీవి, పంచెలూ వొచ్చీవి."

పక్కన పశువుల డాక్టరు తిమింగలం పొట్ట కోసి చూస్తున్నాడు. గేదెలకు సూదులు వేసుకునే మనిషిని మండలం ఆఫీసు వాళ్ళు దీని మీదికి తోలారు. చేతొడుగుల మీద రక్తం నురుగు కట్టి ఉంది.

"చూడమ్మా, నీదీ ఇదే డిపార్టుమెంటు కదా," అన్నాడు హేమతో. "గోలీసోడా తెలుసుగా? గోలీ బిగించి ఉన్నంతసేపూ గాలి నీళ్ళలో అణిగి ఉంటుంది. ఒక్కసారి నొక్కితే పొంగుతుంది. దీని రక్తం అలా పొంగింది. రెండు కిలోమీటర్ల లోతులో మేసే జంతువు. నిదానంగా, ఆగుతూ ఆగుతూ పైకి రావాలి. ఇది ఒక్క పరుగున వచ్చేసింది."

"ఏదైనా తరిమిందేమో?"

"ఒంటిమీద గీత కూడా లేదు." పొదుగు దగ్గర వేలితో నొక్కాడు. తెల్లటి చిక్కటి చుక్క ఒకటి బయటికొచ్చింది. "పాలిచ్చే తల్లి."

హేమ చీర విప్పింది. రెండు నెలల కొడుకును భుజాన వేసుకుని నిలబడ్డ మరదలు లోవ, హేమ తమ్ముడు ఎల్లాజీ భార్య, నెమళ్ళను చూసి మూతి తిప్పింది. "అదా వొదినా! పాపం, సచ్చిందానికైనా మంచిది కట్టొచ్చు కదేటి."

"బతికున్నదాన్ని నేనే కట్టుకోలేకపోయానే," అని హేమ కొంగు సర్ది, విశాఖపట్నం బస్సు ఎక్కింది.

ఆమె పనిచేసే సముద్ర ప్రయోగశాలలో ఆ వేళ పండగ. గోడ మీద పెద్ద అంకెలతో 212 అని వెలుగుతోంది. నిన్నటిదాకా 211. అక్కడి పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ పాణిగ్రాహి అందరికీ స్వయంగా కాజాలు పంచుతున్నాడు. ఆయన చేత్తో ఇచ్చింది తీసుకుని మురిసిపోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

నలభై ఏళ్ళుగా మన సముద్రంలోని ముక్కు తిమింగలం పేరుకు ఎదురుగా ప్రభుత్వ జాబితాలో 'సమాచారం చాలదు' అని రాసి ఉంది. తెలియదు అనడానికి ప్రభుత్వం వాడే మర్యాద మాట అది. రెండు గంటలు నీళ్ళలో ఉండి, రెండు నిమిషాలు పైకొచ్చి, మళ్ళీ మునిగిపోయే జంతువును ఎవరు లెక్కపెడతారు? పాణిగ్రాహి లెక్కపెట్టాడు. ఆయన చేసింది పిలుపుపెట్టె. బిందెంత ఉంటుంది, నీటి మీద తేలుతుంది. దారి తప్పిన పిల్ల గొంతుతో కిందికి పిలుస్తుంది. లోతులో మేస్తున్న తల్లి టకటకమని బదులు పలుకుతుంది. ఏ రెండు తిమింగలాల టకటకా ఒక్కలా ఉండదు కాబట్టి కొత్త గొంతు పలికినప్పుడల్లా గోడ మీద అంకె ఒకటి పెరుగుతుంది.

ఈ గురువారం నూకాలపాలెం తుఫాను షెల్టరులో ఆర్డీవో గారి ముందు ప్రజాభిప్రాయ సేకరణ. అది కాగానే జాబితాలో పాత మాట కొట్టేసి 'ఆందోళన అక్కర్లేదు' అని రాస్తారు. అలా రాస్తే సముద్రం అడుగున ఖనిజపు ముద్దలు ఏరే కంపెనీ దిగుతుంది, పాలేనికి జెట్టీ, ఐసు ఫ్యాక్టరీ వస్తాయి. దాని బదులు 'ప్రమాదంలో ఉంది' అని రాస్తే ఒడ్డు నుంచి నలభై మైళ్ళు మూసేస్తారు. కంపెనీ యంత్రాలకే కాదు, ఎల్లాజీ పడవకు కూడా.

"ఏమ్మా హేమా, మొహం అలా ఉందేం? నీ గొంతే కదా ఇదంతా చేసింది," అన్నాడు పాణిగ్రాహి కాజా అందిస్తూ.

నిజానికి గొంతు హేమది కాదు, ఆమె కూతురిది. పెట్టె తయారైన కొత్తలో పిల్ల తిమింగలం అరుపు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. పరికరాలు చూసే ఉద్యోగి హేమ అప్పుడు ఫోనులో దాచుకున్న తన కూతురు ఊర్మిళ రెండు నెలలనాటి ఏడుపు ఇచ్చింది. నిద్ర ఏడుపు కాదు, కడుపునొప్పి ఏడుపు కాదు, ఆకలి ఏడుపు. ఆ తేడా ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ ఏడుపు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ విరుగుతుందో చూసి, ఆ ఎత్తుపల్లాలనే తిమింగలాలకు వినిపించే సన్నటి శబ్దంలోకి మార్చారు. మొదటి పూటే బదులు వచ్చింది. పాణిగ్రాహి వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు కూడా వేశాడు, ప్రేమసుందరి అని.

"సార్, ఒకసారి పలికిన గొంతు మళ్ళీ పలికితే పెట్టె ఏం చేస్తుంది?"

"వదిలేస్తుంది. లెక్కలో ఉన్నదే కదా."

"ఎన్నిసార్లు అలా వదిలేసిందో చూడొచ్చా?"

"ఎందుకమ్మా? తీపి తినే వేళ చేదు మాట్లాడతావు," అని ఆయన తర్వాతి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం హేమ వరండాలో కూర్చుని ఫోనులో ఆ పాత ఏడుపు మళ్ళీ విన్నది. ఐదేళ్ళ ఊర్మిళ పలక పక్కన పడేసి వచ్చింది.

"ఎవరమ్మా ఏడుస్తున్నారు?"

"నువ్వే. ఆకలేసి."

"నువ్వెక్కడున్నావు?"

"పెరట్లో. చేపలు కడుగుతున్నాను."

"మరి వచ్చావా?"

"రాకుండా ఉంటానా?"

"నడుచుకుంటూ వచ్చావా, పరిగెత్తావా?"

ఆ రోజు హేమ పరిగెత్తింది. గుమ్మం రాయి తగిలి కాలి గోరు ఊడింది. పిల్ల పాలు తాగి నిద్రపోయాక గానీ నేలమీద రక్తం కనిపించలేదు. ఇప్పుడు ఆ గోరు వంకరగా మొలిచి ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. పెట్టె తేలేది నీటి పైన. తల్లి ఉండేది రెండు కిలోమీటర్ల కింద.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే ప్రయోగశాలకు వెళ్ళి పెట్టెలు నమోదు చేసిందంతా తెరిచింది. పద్నాలుగు నెలలు, ముప్పై పెట్టెలు, రోజుకు నలభై పిలుపులు. ఒకసారి పలికిన గొంతు రెండోసారి పలికిన సందర్భాలు ఎన్ని అని అడిగింది. కంప్యూటరు క్షణం కూడా ఆలోచించలేదు. సున్నా.

రెండొందల పన్నెండు గొంతులు. ఒక్కొక్కటీ ఒక్కసారే.

పాణిగ్రాహి ఆ సున్నాను నిలబడే చూశాడు. కూర్చుంటే ఒప్పుకున్నట్టవుతుందేమో.

"తెలివైన జంతువులమ్మా. ఒకసారి మోసపోయాయి, రెండోసారి పోవు."

"ఏ తల్లీ రెండోసారి మోసపోలేదా సార్? మా ఊర్మిళ వెయ్యిసార్లు దొంగ ఏడుపు ఏడ్చింది. నేను వెయ్యిసార్లూ వెళ్ళాను."

"అది నువ్వు. ఇది శాస్త్రం."

"పది ఒడ్డుకొచ్చాయి సార్, పదీ ఆడవే. మగవి పిల్ల ఏడిస్తే లేవవు కాబట్టి బతికాయి. మిగతా తల్లులు అడుక్కి పోయుంటాయి. వాటి పిల్లలు ఎక్కడున్నాయో గోడ మీద అంకెకు తెలీదు. మనం లెక్కపెట్టడం లేదు. లెక్కపెట్టినదాన్నల్లా చంపుతున్నాం."

"ఆడవే అని ఎవరు తేల్చారు?"

"మా ముసలమ్మలు. పళ్ళు చూసి. పది చీరలు కప్పారు, ఒక్క పంచె లేదు."

పాణిగ్రాహి నవ్వాడు. అందులో కాజాలనాటి తీపి లేదు. "చీరలు! గురువారం సభలో ఎవరైనా సాక్ష్యమేదని అడిగితే చీరలు చూపించమంటావా? పన్నెండేళ్ళ పని నాది. చేపలు కడిగే ముసలమ్మలు కొట్టేస్తారా? నువ్వు ఇక్కడ పరికరాలు తుడవడానికి వచ్చావు హేమా, నేను పైకి తీసుకొచ్చాను. ఎక్కడనుంచి తెచ్చానో అక్కడికే పంపగలను."

"పెట్టెలు కట్టేయండి సార్. గురువారం దాకా అయినా."

"గురువారం దాకా నువ్వే సెలవులో ఉండు," అని ఆయన ఆమె మెడలోని గుర్తింపు కార్డు కోసం చెయ్యి చాచాడు. హేమ ఇచ్చింది. గోడ మీద అంకె 213 అయింది. ఆయన అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి చూసి చిరునవ్వు నవ్వాడు. అది హేమకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

పాలెంలో ఇంకా నయం, నవ్వేవాళ్ళు లేరు. సంగతి ఆమెకన్నా ముందే ఊరు చేరింది. సందు మొదట్లో ఎల్లాజీ వల బాగుచేస్తూ తలెత్తలేదు.

"అప్పా, నువ్వు గురువారం నోరిప్పీసినావంటే నీకు తమ్ముడు లేడు."

"మరి ఆ వల ఎవరిది, గాలిదా?"

"పరాసికాలాడకు! నలభై మైళ్ళు మూసీసినాక నానెక్కడికెళ్ళాలి? సెరువులో కప్పల్ని పట్టాలేటి? నీ మొగుడు ఓడలో వంటోడు, వాడికేటి, ఏ సముద్రమైనా ఒకటే."

లోవ గుమ్మంలోంచే అందుకుంది. "సదువుకున్నాది గదా మావా, సేపల మీద జాలుంటాది. మనుషుల మీదుండదు. నా గుంటడు ఏటి తిని పెరగాలో ఆ తిమింగలాన్నడగమను."

"అది చచ్చింది లోవా. దాని గుంటడు కూడా ఈపాటికి చచ్చుంటాడు."

"థూ! పాలు తాగే పసోడి ముందు ఆ మాటేటే!" లోవ పిల్లాడి చెవులు మూసి లోపలికి పోయి తలుపు వేసుకుంది. తలుపు మూసిన చప్పుడు సందు చివరిదాకా వినబడింది, అందరూ వినాలనే వేసింది కాబట్టి.

ఆ రెండు రోజులూ హేమకు కుళాయి దగ్గర ఎవరూ బిందె జరపలేదు. కాసులమ్మ మాత్రం వచ్చి, ఉప్పు అడిగి తీసుకుని, వెళ్తూ వెళ్తూ, "నువ్వు సెప్పింది నిజమే అయ్యుంటాది. అందుకే సెప్పకు," అని పోయింది.

గురువారం తుఫాను షెల్టరు కిక్కిరిసింది. పోయినసారి సభలో పసిపిల్లలు ఏడ్చి అధికారి మాట వినబడకుండా చేశారని, ఈసారి పిల్లల్ని తీసుకురావద్దని దండోరా వేయించారు. ఊళ్ళోని పసివాళ్ళందరినీ కాసులమ్మ వరండాలో పడుకోబెట్టారు. అది ఎదురు సందులోనే. లోపల పట్టనివాళ్ళ కోసం మైకుసెట్టతను ఒక హారను బయట తాటిచెట్టుకు కట్టాడు.

పాణిగ్రాహి అరగంట మాట్లాడాడు. రెండొందల పదిహేను అన్నాడు. పలికినవే ఇన్నుంటే పలకనివి ఎన్నో అన్నాడు. ఊరు చప్పట్లు కొట్టింది. జెట్టీ అప్పుడే కట్టినట్టు, దాని మీద నిలబడే కొడుతున్నట్టు కొట్టింది. ఆర్డీవో గారు ముందున్న కాగితం దగ్గరికి లాక్కుని, "ఇంకెవరైనా?" అని అడిగారు.

"నేను సార్. మైలపిల్లి హేమసుందరి, పాలెం మనిషిని."

"ఈమె మా సంస్థలో సెలవులో ఉన్న ఉద్యోగి," అన్నాడు పాణిగ్రాహి.

"సెలవులో ఉన్నాను కాబట్టే తీరిక దొరికింది సార్."

వెనకనుంచి ఎవరో కూర్చోమని అరిచారు. ఎవరో ఈల వేశారు. లోవ కుర్చీలోంచే, "దిగవే దిగు, నీ సదువు తగలెయ్య!" అంది. హేమ వేదిక ఎక్కి మైకుసెట్టు పక్కన నిలబడింది. చాలా రాసుకొచ్చింది. సోడాబుడ్డి గురించి, సున్నా గురించి, పళ్ళ గురించి. కాగితం మడిచి నడుములో దోపుకుంది.

"లోపలి బాక్సులు ఆపేసి బయటి హారను ఒక్కటే ఉంచు బాబూ," అని మైకుసెట్టతనికి చెప్పి, ఫోనుకు తీగ తగిలించి, మార్పులేవీ చేయని పాత ఏడుపు పెట్టింది.

బయట, ఎదురు సందు వైపునుంచి, ఒక పసిబిడ్డ ఏడ్చింది.

మొదట మూడు చిన్న వెక్కిళ్ళు. తర్వాత ఊపిరి అందుకుని పైకి లేచిన గొంతు. చివర విరుపు. ఆకలి.

చప్పట్ల కోసం, ఈలల కోసం, తిట్ల కోసం సిద్ధంగా ఉన్న హాలు ఒక్కసారిగా కదిలింది. ఎవరూ ఎవరినీ చూడలేదు. ముందు వరసలోంచి ఒకామె, కిటికీ పక్కనుంచి ఇద్దరు, గోడవారనుంచి ఇంకెవరో. కుర్చీలు వెనక్కి పడ్డాయి. ఒకామె ఆర్డీవో గారి గుమాస్తా కాలు తొక్కేసి పోయింది. లోవ అందరికన్నా ముందు లేచింది. దారిలో పడి ఉన్న కుర్చీ ఆమెకు కనబడలేదు. దాని మీదినుంచి పడి, మోకాలు చీరుకుపోయి, చేతుల మీద లేచి మళ్ళీ గుమ్మం వైపు పరిగెత్తింది. కొందరు మగవాళ్ళు ఏమైందేమైందని అడుగుతున్నారు. ఒక్క మగవాడూ లేవలేదు.

హేమ ఫోనులో ఏడుపు ఆపేసింది.

గుమ్మం దాకా వెళ్ళిన ఆడవాళ్ళకు తాటిచెట్టు మీది హారను కనిపించింది. ఎదురు వరండాలో పిల్లలందరూ నిద్రపోతున్నారు. కాసులమ్మ విసనకర్రతో విసురుతూ, "ఏటే, ఏటైందే?" అంటోంది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఆ చూపుల్లో ఒక్కదానిలో కూడా స్నేహం లేదు.

"ఇది నాటకం!" పాణిగ్రాహి లేచాడు. "సార్, దీనికీ శాస్త్రానికీ..."

"ఏమిటమ్మా ఇది?" ఆర్డీవో గారి గొంతు కూడా గట్టిగానే ఉంది.

"లెక్క సార్. మా సారు లెక్కపెట్టే పద్ధతి ఇదే. పిలుపు కూడా ఇదే, మా అమ్మాయిది. తిమింగలాల కోసం సన్నం చేశారు, అంతే." హేమ గుమాస్తా వైపు తిరిగింది. "ఎంతమంది లేచారండీ?"

గుమాస్తా నొప్పిపుడుతున్న కాలు పట్టుకునే, ఉద్యోగపు అలవాటు చొప్పున తలలు లెక్కపెట్టాడు. "పంతొమ్మిది మంది."

"అయితే రాసుకోండి. నూకాలపాలెంలో తల్లులు పంతొమ్మిది మంది పలికారు. ఆందోళన అక్కర్లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి చెప్పింది కూడా కాదు.

లోవ కుంటుకుంటూ హాలు మధ్యనుంచి నడిచొచ్చింది. మోకాలినుంచి కారిన రక్తం చీర కుచ్చిళ్ళకు అంటుకుంది. జాకెట్టు ముందంతా పాలతో తడిసిపోయింది. కొంగు కప్పుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. వేదిక ఎక్కి హేమ చెంప పగిలేలా కొట్టింది. లోపలి బాక్సులు ఆపి ఉన్నా ఆ దెబ్బ వెనక వరసకు వినబడింది.

"నా ఒళ్ళు నా మాట ఇనకుండా సేసినావు," అంది, ఊపిరి అందక. "ఈ జన్మలో నీ గుమ్మం తొక్కను."

హేమ చెంప తడుముకోలేదు. "సరే."

లోవ వెళ్ళిపోలేదు. పాణిగ్రాహి వైపు తిరిగింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

"బాబూ," అంది, చెయ్యెత్తి షెల్టరు గుమ్మం చూపించి. "నాను ఆ కుర్చీ కాడినుంచి గుమ్మం దాకా లేచేను. ఇరవై అడుగులుండదు. మోకాలు సీరుకుపోనాది." తన రక్తాన్ని తానే చూసుకుంది. "అవి ఎంత లోతునుంచి లేచేయి?"

ఆ అంకె పాణిగ్రాహికి తెలుసు. నివేదిక నాలుగో పేజీలో ఉంది. అరగంట క్రితం ఇదే మైకులో, ఇదే ఊరికి, గర్వంగా చదివాడు కూడా. ఇప్పుడు ఆ పేజీ తెరిచి పట్టుకుని, పెదవులు తడుపుకున్నాడు.

ఆర్డీవో గారు కలం మూత పెట్టేశారు. "చెప్పండి డాక్టరుగారూ," అన్నారు. "ఆవిడ అడుగుతోంది."